మీకు తెలుసా? షూటర్ల జట్టుతో నాకౌట్ మ్యాచ్‌కు ముందు

పోయిన వారం గద్వాల నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. డిగ్రీ సెకండియర్, కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడతాడు. "మామా, ఇంటర్ కాలేజ్‌ల నాకౌట్‌కొచ్చినం. అవుతలోళ్ళ కాడ ముగ్గురు షూటర్లున్నరు. లైను బయటకెల్లి ఏస్తే సక్కగ రింగుల వడ్తున్నయ్. ఏం జేయాలె?" అన్నాడు.

నేను కోచ్‌ను కాను. ఒకప్పుడు సిమెంటు కోర్టు మీద మోకాళ్ళు చెక్కుకుపోయిన మామూలు కాలేజీ ఆటగాణ్ణి, ఇప్పుడు టీవీ ముందు కూర్చుని తీర్పులు చెప్పే రకం. అయినా మామ అన్నాక ఏదో ఒకటి చెప్పాలి కదా. వాడికి చెప్పినవీ, ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చినవీ కలిపి ఇక్కడ పెడుతున్నాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కాలేజీల గ్రౌండ్లలో సాయంత్రాలు బంతి చప్పుడు వినేవాళ్ళకు పనికొస్తాయేమో చూడండి.

ఈ మ్యాచ్ గెలిస్తే ఎక్కడికి వెళ్తారో తెలుసా?

ఈ మూడు జిల్లాల డిగ్రీ కాలేజీలు పాలమూరు యూనివర్సిటీ కిందికి వస్తాయి. అది 2008లో మహబూబ్‌నగర్‌లో మొదలైంది. అంతకుముందు మన పిల్లలు ఉస్మానియా జెండా కింద ఆడేవాళ్ళు. ఇంటర్ కాలేజ్ మ్యాచ్‌లలో బాగా ఆడినవాళ్ళను ఏరి యూనివర్సిటీ జట్టు కడతారు. ఆ జట్టు సౌత్ జోన్ టోర్నమెంటుకు వెళ్తుంది. తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు, కేరళ యూనివర్సిటీలన్నీ అక్కడ తలపడతాయి. ఒక్కో జోన్‌లో మొదటి 4 స్థానాల్లో నిలిచిన జట్లు ఆలిండియా పోటీలకు పోతాయి. ఈ పోటీలన్నిటికీ పైన ఉన్నది 1925లో పుట్టిన భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం.

ఇందులో ఒక తమాషా ఉంది. అమెరికాలో కాలేజీ జట్టు సీజన్ బాగా ఆడితే, ఆ జట్టే అట్లాగే జాతీయ నాకౌట్‌కు పోతుంది. వాళ్ళ ఎన్‌సీఏఏ టోర్నమెంటు 1939లో 8 జట్లతో మొదలై, 2011లో 68 జట్లకు పెరిగింది. ఓడినవాడు అదే రోజు ఇంటికి. మనదగ్గర అట్లా కాదు. ఇంటర్ కాలేజ్‌లో మీ కళ్ళముందు వరసగా బంతులు వేసి మిమ్మల్ని ఇంటికి పంపిన ఆ షూటరే, వచ్చే నెల యూనివర్సిటీ జెర్సీ వేసుకుని మీ పక్కన బస్సులో కూర్చోవచ్చు. అందుకని వాణ్ణి ఆపడానికి ఎంతైనా ఆరాటపడండి గానీ మోచేతులు మాత్రం వాడకండి.

సౌత్ జోన్ అంటే మాటలు కాదు. చెన్నై యూనివర్సిటీల జట్లు అక్కడుంటాయి. చెక్క నేల మీద, కప్పు కింద, గాలి తగలని చోట రోజూ వందల షాట్లు వేసి వచ్చే పిల్లలు వాళ్ళు. మనవాళ్ళకు ఇంటర్ కాలేజ్‌లో ఎదురైన ముగ్గురు షూటర్లు దానికి ముందు పాఠం అనుకోవాలి.

ప్రపంచంలో పడ్డ మొట్టమొదటి బాస్కెట్ దూరం నుంచి వేసిందే!

1891 డిసెంబర్. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్ళో వైఎంసీఏ శిక్షణ కళాశాల. బయట మంచు, లోపల విసుగెత్తిన 18 మంది కుర్రాళ్ళు. జేమ్స్ నైస్మిత్ అనే మాస్టారు రెండు పీచ్ పండ్ల బుట్టలు తెచ్చి, జిమ్ బాల్కనీ కటకటాలకు కొట్టించి, 13 నియమాలు రాసి గోడకు అంటించాడు. బాల్కనీ 10 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి రింగు నేటికీ 10 అడుగుల ఎత్తునే ఉంది. బాల్కనీ 12 అడుగులుంటే ఏమయ్యేదో!

అటు 9 మంది, ఇటు 9 మంది ఆడిన ఆ మొదటి ఆటలో పడింది ఒకే ఒక్క బాస్కెట్. విలియం చేజ్ అనే కుర్రాడు సుమారు 25 అడుగుల దూరం నుంచి వేశాడు. అంటే ఈ ఆట పుట్టిందే దూరపు షాట్‌తో. దానికి మూడు పాయింట్లు ఇవ్వడం ఒక లీగ్‌లో నియమం కావడానికి మాత్రం దాదాపు 70 ఏళ్ళు పట్టింది.

ఆ స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి మన తుంగభద్ర ఒడ్డు దాకా

స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదువుకున్న హ్యారీ క్రో బక్ అనే ఆయన 1919లో మద్రాసు వచ్చాడు. మరుసటి ఏడు అక్కడ వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల పెట్టాడు. దక్షిణాదిలో డ్రిల్లు మాస్టార్లు, ఫిజికల్ డైరెక్టర్లు అన్న జాతి అక్కడి నుంచే బయల్దేరింది. అప్పట్లో తుంగభద్రకు అవతల కర్నూలు మద్రాసు ప్రెసిడెన్సీలోది, ఇవతల గద్వాల, ఆలంపూర్ నిజాం రాజ్యంలోవి. ఏరు దాటితే రాజ్యం మారేది. ఆటకు ఆ సరిహద్దులు పట్టలేదు. ఇవాళ మన కాలేజీల్లో ఈల మెడలో వేసుకుని తిరిగే పీడీ సార్ల గురుపరంపర వెతుక్కుంటూ వెనక్కి పోతే, చాలాసార్లు మద్రాసు నందనంలోని ఆ కళాశాలే తగులుతుంది.

గీత మీద కాలు పడితే మూడు రెండవుతాయి

త్రీ పాయింట్ గీత అంతర్జాతీయ ఆటలోకి 1984లో వచ్చింది. అప్పుడు దూరం 6.25 మీటర్లు. 2010లో 6.75కి జరిపారు. మూలల్లో కోర్టు వెడల్పు చాలదు కాబట్టి గీత తిన్నగా పోతుంది. అక్కడ దూరం 6.60 మీటర్లే. మూల నుంచి వేసే షాట్ అంటే షూటర్లకు ఎందుకంత ముద్దో ఈ 15 సెంటీమీటర్లే చెబుతాయి. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఎదురుగా 7.24 మీటర్లు ఉంటుంది. అక్కడి కాలేజీ కుర్రాళ్ళకు 1986లో 6 మీటర్ల పైచిలుకు దూరంలో గీసిన గీత మెల్లగా జరిగి జరిగి 2019 నాటికి మనం వాడే 6.75 దగ్గరికే వచ్చింది.

చాలామంది ప్రేక్షకులకు తెలియని సంగతి ఇంకోటి. గీత రెండు పాయింట్ల ప్రాంతానికి చెందుతుంది. షూటర్ బూటు కొస దానికి తగిలినా రెండే. అదే గీత బయట నుంచి ఎగిరి, బంతి వదిలి, గీత లోపల దిగితే మాత్రం మూడూ ఇస్తారు. లెక్కకు వచ్చేది ఎగిరిన చోటు. మన పాత సిమెంటు కోర్టుల్లో గీత సగం చెరిగి ఉంటుంది కాబట్టి దీని మీద జరిగినన్ని తగాదాలు పొలం గట్ల మీద కూడా జరగవు. రెఫరీ మూడు వేళ్ళు ఎత్తాడా లేదా అన్నదే చివరి మాట.

4 బాస్కెట్లు ఎక్కువ వేసినా వెనకబడొచ్చు

మా వాడికి ముందు ఈ లెక్కే చెప్పాను. అవతలి జట్టు లైను బయట నుంచి 30 షాట్లు వేసి 10 మాత్రమే పడగొట్టింది అనుకోండి. 30 పాయింట్లు. మీరు లోపలికి చొచ్చుకుపోయి 30 షాట్లు వేసి 14 పడగొట్టారు. 28 పాయింట్లు. చూసేవాళ్ళకు మీరే బాగా ఆడినట్టు ఉంటుంది, బోర్డు మీద మాత్రం రెండు పాయింట్లు వెనక. మూడింట ఒకటి వేసే షూటర్ సగం షాట్లు వేసే లోపలి ఆటగాడితో సమానం. "వాడు మూడేస్తే రెండు పోతున్నయ్ గదా మామా" అని మావాడు ధీమాగా అన్నాడు. ఆ పడిన ఒక్కటే కొంప ముంచుతుందిరా అన్నాను.

ఇక 3×3 ఆటైతే మరీ ఘోరం. టోక్యో ఒలింపిక్స్‌లో చేరిన ఈ సగం కోర్టు ఆటలో లోపలి బాస్కెట్‌కు 1, బయటి బాస్కెట్‌కు 2. అంటే దూరపు షాట్ విలువ ఒకటిన్నర రెట్లు కాదు, ఏకంగా రెట్టింపు. 21 పాయింట్లు ముందు ఎవరు చేరితే వాళ్ళదే ఆట. ఒక్క షూటర్ తిన్నగా కుదిరాడంటే అయిదారు నిమిషాల్లో మూటాముల్లె సర్దుకోవాల్సిందే.

30 డిగ్రీల వాలుతో వచ్చిన బంతికి రింగులో చోటే ఉండదు

రింగు లోపలి వ్యాసం 45 సెంటీమీటర్లు. మగపిల్లలు ఆడే బంతి వ్యాసం దాదాపు 24. పైనుంచి తిన్నగా చూస్తే రెండు బంతులకు కొద్దిలో తప్పిపోయేంత చోటు. కానీ బంతి పైనుంచి తిన్నగా రాదు, వాలుగా వస్తుంది. ఆ వాలులోంచి చూస్తే గుండ్రటి రింగు కోడిగుడ్డులా నొక్కుకుపోయి కనిపిస్తుంది. 45 డిగ్రీల వాలులో దాని నోరు 32 సెంటీమీటర్లకు తగ్గుతుంది. 30 డిగ్రీలైతే 22.5. బంతి కన్నా చిన్నది! ఇనుముకు తగలకుండా అది లోపలికి దిగడం అసాధ్యం.

అందుకే మంచి షూటర్ బంతి ఆకాశానికి ఎత్తుతాడు. అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ ఇంజనీర్లు లారీ సిల్వర్‌బర్గ్, చౌ ట్రాన్ కంప్యూటర్ మీద లక్షల ఫ్రీ త్రోలు వేయించి చూసి, చేతి నుంచి 52 డిగ్రీల కోణంలో, సెకనుకు మూడు చుట్లు వెనక్కి తిరుగుతూ వెళ్ళే బంతికి అవకాశం ఎక్కువని తేల్చారు.

దీంట్లో మన పిల్లలకు పనికొచ్చే ముక్క ఒకటుంది. షూటర్ ముందు నిలబడి చెయ్యి నిటారుగా ఎత్తినంత మాత్రాన షాట్ ఆగదు. కానీ ఆ చెయ్యి వల్ల వాడు అలవాటు కోణం మార్చుకోవాల్సి వస్తుంది. కొంచెం ఎత్తు పెంచుతాడు, లేదా తొందరపడి కొంచెం తగ్గిస్తాడు. బంతిని తాకనక్కర్లేదు. ఆ కొంచెం చాలు.

షూటర్‌ను ఆపే విద్య గద్వాల కోటలో ఎప్పుడో ఉంది

నవ్వకండి. గద్వాలకు విద్వద్గద్వాల అని పేరు. సంస్థానం రోజుల్లో కవిపండితులకు అది పుట్టిల్లు. వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలూ తక్కువ తినలేదు. తిరుపతి వేంకట కవులంతటివాళ్ళు ఈ సంస్థానాలు తిరిగి అవధానాలు చేసి సన్మానాలు పొందినవాళ్ళే. ఇవాళ గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ పేరిట ప్రభుత్వ డిగ్రీ కాలేజీ నడుస్తోంది. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. మన కుర్రాళ్ళు రాజుల ఇళ్ళలో చదువుకుంటున్నారన్న మాట.

అష్టావధానంలో నిషిద్ధాక్షరి అని ఒక అంశం ఉంటుంది. అవధాని పద్యం ఒక్కో అక్షరమే చెబుతూ పోవాలి. ఆయన ఒక అక్షరం పలకగానే ఎదురుగా కూర్చున్న పృచ్ఛకుడు, తర్వాత ఏ అక్షరం వచ్చే వీలుందో ముందే పసిగట్టి, "అది వద్దు" అంటాడు. అవధాని మనసులో అల్లుకున్న మాట అక్కడ తెగిపోతుంది. ఇంకో మాట వెతుక్కోవాలి. అదీ దొరికిందనుకునేసరికి ఇంకో నిషేధం. పృచ్ఛకుడు ఆయన నోరు ముయ్యడు. పద్యం పుట్టకుండా ఆపడు కూడా, ఆపడం ఆయన వల్ల కాదు. నచ్చిన దారి మాత్రం మూస్తాడు.

షూటర్ దగ్గర మంచి డిఫెండర్ చేసే పని అచ్చం ఇదే. కుడి చేత్తో డ్రిబుల్ చేసి ఆగి వేయడం వాడికి అలవాటా? కుడివైపు నిలబడు. మూలలో నిలబడి అందుకోవడం ఇష్టమా? అక్కడికి వాడికన్నా ముందు చేరు. పాస్ అందుకునే చోటు ఒక అడుగు వెనక్కి నెట్టు. బంతి చేతికి వచ్చేటప్పటికి వాడి కాళ్ళు రింగువైపు తిరిగి ఉండకుండా చూడు. మంచి షూటర్‌కు బంతి అందాక వదలడానికి అర సెకను అటూ ఇటూ చాలు. వదిలాక అది రింగు చేరడానికి సెకను పైచిలుకు. ఆ సెకనులో మీరు చేయగలిగింది శూన్యం. చెయ్యి ఊపుతూ పరుగెత్తుకొచ్చినా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

అవధానంలో మధ్యమధ్య అడ్డుమాటలు వేసే అప్రస్తుత ప్రసంగం కూడా పనికొస్తుందా అని మావాడు అడిగాడు. అంటే వాణ్ణి మాటలతో చికాకు పెట్టొచ్చా అని. రెఫరీ వింటే టెక్నికల్ ఫౌల్ ఇస్తాడురా, అవధానంలో ఆ గొడవ లేదు అన్నాను.

ఒక్క షూటర్‌ను సున్నాకు కట్టేసి 30 పాయింట్ల తేడాతో ఓడిన జట్టుంది

స్టీఫెన్ కరీ పేరు వినని కుర్రాడు లేడు. ఆయన డేవిడ్సన్ అనే చిన్న కాలేజీలో చదివాడు. 2008 మార్చిలో ఆ జట్టు ఎన్‌సీఏఏ టోర్నమెంటులో చివరి 8 దాకా పోయింది. గొంజాగాతో ఆడిన మొదటి మ్యాచ్‌లో ఆయన ఒక్కడే 40 పాయింట్లు వేశాడు.

అదే ఏడు నవంబర్‌లో లొయోలా మేరీల్యాండ్ జట్టు డేవిడ్సన్ మీదికి వచ్చింది. వాళ్ళ కోచ్ జిమ్మీ పాట్సోస్ ఒక పంతం పట్టాడు. కరీ ఎక్కడ నిలబడితే అక్కడ ఇద్దరు కాపలా. మ్యాచ్ పొడుగునా అంతే. కరీ ఏం చేశాడు? కోపం తెచ్చుకోలేదు. ఒక మూలకు పోయి నిలబడ్డాడు, తన ఇద్దరు కాపలాదారులతో సహా. మిగిలిన కోర్టులో డేవిడ్సన్ వాళ్ళు నలుగురు, లొయోలా వాళ్ళు ముగ్గురు. కరీ వేసింది 3 షాట్లు, పడింది సున్నా. స్కోరు 78–48. గెలిచింది డేవిడ్సన్.

ఈ కథ మా వాడికి రెండుసార్లు చెప్పాను. ఎందుకంటే వాళ్ళ జట్టులో అప్పుడే, "ఆ ఏడో నంబరోణ్ణి ఇద్దరం వట్టుకుందాం" అన్న ఆలోచన మొలకెత్తిందట. ముగ్గురు షూటర్లున్న జట్టు మీద అది ఆత్మహత్య. ఒక్కడే షూటర్ ఉంటే మాత్రం ఒక ఉపాయం ఉంది. నలుగురు లోపల చతురస్రంగా నిలబడి, ఒక్కడు మాత్రం షూటర్‌ను నీడలా అంటుకుని తిరగడం. దీన్ని బాక్స్ అండ్ వన్ అంటారు. స్కూలు పిల్లల ఎత్తుగడ అని పెద్దలు కొట్టిపారేసేది. 2019లో టొరాంటో కోచ్ నిక్ నర్స్ ఎన్‌బీఏ ఫైనల్స్‌లో ఇదే కరీ మీద వాడేసరికి అందరూ నోరెళ్ళబెట్టారు. ఆ ఏడు కప్పు టొరాంటోదే.

చివరి సెకన్లలో మన వరుణ్

2015 మార్చి 20. ఎన్‌సీఏఏ టోర్నమెంటు మ్యాచ్. మేరీల్యాండ్ 65, వాల్పరైజో 62. బంతి వాల్పరైజో చేతిలో. మూడు పాయింట్ల షాట్ ఒక్కటి పడితే స్కోరు సమం. మేరీల్యాండ్ కోచ్ మార్క్ టర్జన్ బెంచీ మీద నుంచి ఒక కుర్రాణ్ణి లేపి లోపలికి పంపాడు. పేరు వరుణ్ రామ్, భారతీయ సంతతి. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరిన సైన్సు విద్యార్థి. పాయింట్లు వేసే పని ఆయనది కాదు. అవతల కీత్ కార్టర్ షాట్ వేయకుండా చూడాలి, అంతే.

వరుణ్ అతణ్ణి అంటిపెట్టుకుని కదిలాడు. కార్టర్‌కు శుభ్రంగా షాట్ వేసే సందే దొరకలేదు. గంట మోగింది. మర్నాడు అమెరికా పత్రికల క్రీడాపేజీల్లో వరుణ్ పేరుంది.

నాకు ఈ ముచ్చట ఎంత ఇష్టమంటే, బెంచీ మీద కూర్చుని నీళ్ళ సీసాలు అందించే ప్రతి కుర్రాడికీ చెబుతాను. ఎత్తు లేదనీ, షూటింగ్ లేదనీ పక్కన పెట్టిన వాడికి కాళ్ళలో చురుకుంటే షూటర్ల జట్టు మీద వాడికి పనుంది. మీ జట్టులో వాడెవడో పీడీ సార్‌కు తెలిసే ఉంటుంది.

షూటర్ మీద ఫౌల్ చేయడం కన్నా వాణ్ణి వేయనివ్వడమే నయం

లోపల షాట్ వేసేవాడిపై ఫౌల్ చేస్తే 2 ఫ్రీ త్రోలు. గీత బయట వేసేవాడిపై చేస్తే 3. షాట్ పడిపోతే ఆ 3 పాయింట్లూ ఉంచి, పైన ఇంకో ఫ్రీ త్రో. అంటే నాలుగు పాయింట్లు మనమే ప్లేటులో పెట్టి ఇచ్చినట్టు.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. నా ఫైనలియర్‌లో ఒక ఇంటర్ కాలేజ్ మ్యాచ్. రెండు పాయింట్ల ఆధిక్యంలో ఉన్నాం, సెకన్లు మిగిలాయి. వాళ్ళ షూటర్ గీత బయట బంతి అందుకున్నాడు. నేను దూరంగా ఉన్నాను. అక్కడే ఆగి ఉంటే బాగుండేది. మూడంగల్లో వెళ్ళి మీద పడ్డాను. నా వేళ్ళు వాడి మణికట్టుకు తగిలిన చప్పుడు నాకే వినిపించింది. ఈల. షాట్ పడలేదు. వాడు మూడు ఫ్రీ త్రోలు నిదానంగా, ఒక్కోదానికి ముందు బంతి రెండుసార్లు నేలకు కొట్టి, మూడూ వేశాడు. ఒక్క పాయింటుతో ఓడాం. బస్సులో ఎవరూ నన్నేమీ అనలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

షూటర్ ఎగిరాక దిగే చోటు కూడా వాడిదే. అక్కడ మీ కాలు పెడితే ఫౌలే, పైగా వాడి చీలమండ పోతుంది. ఆపేటప్పుడు పరుగు ఒక అడుగు ముందే తగ్గించి, చిన్న చిన్న అంగలతో, చెయ్యి పైకెత్తి నిలబడాలి.

"చెయ్యి కుదిరింది" అన్నది నిజమా?

వరసగా మూడు పడ్డాయంటే, "ఇయ్యాల వాడి చెయ్యి కుదిరింది" అంటాం. 1985లో గిలోవిచ్, వలోన్, ట్వెర్‌స్కీ అనే ముగ్గురు పరిశోధకులు ఎన్‌బీఏ ఆటగాళ్ళ షాట్ల పట్టీలు తిరగేసి, చెయ్యి కుదరడం అన్నదేమీ లేదు, అది చూసేవాళ్ళ భ్రమ అని రాశారు. 30 ఏళ్ళకు పైగా అదే శాస్త్రం అయింది. ఆటగాళ్ళు మాత్రం ఒక్కడూ నమ్మలేదు.

2018లో జాషువా మిల్లర్, ఆడమ్ సన్‌హుర్హో ఆ లెక్కలోనే కిటుకు ఉందని పట్టుకున్నారు. ఓపిక ఉంటే కాగితం తీయండి. నాణెం మూడుసార్లు ఎగరేస్తే వచ్చే 8 వరసలూ రాయండి. ఒక్కో వరసలో బొమ్మ పడిన వెంటనే మళ్ళీ బొమ్మ ఎన్నింట ఎన్నిసార్లు పడిందో చూసి, ఆ శాతాల సగటు కట్టండి. 50 రావాలి కదా? రాదు. దాదాపు 42 వస్తుంది. చిన్న వరసల సగటు సహజంగానే కిందికి లాగుతుంది. ఆ లాగుడు సవరించి చూస్తే, పాత సమాచారంలోనే చెయ్యి కుదరడం కనిపించిందట.

కాబట్టి నా సలహా పాతదే. వరసగా రెండు పడగానే పీడీ సార్‌ను టైమవుట్ అడగండి. శాస్త్రం ఎటు తేల్చినా నిమిషం సేపు నీళ్ళు తాగడం వల్ల నష్టం లేదు.

సరళాసాగర్ సైఫన్లు తెరుచుకున్నట్టు

వనపర్తి దగ్గర సరళాసాగర్ చూసినవాళ్ళకు తెలుసు. నీళ్ళు ఒక మట్టం చేరేదాకా అక్కడేమీ జరగదు. చేరాయా, ఎవరూ తలుపు ఎత్తనక్కర్లేకుండా సైఫన్లు వాటంతటవే దూకుతాయి. షూటర్ల జట్టు పద్ధతీ అంతే. మొదటి పావు అంతా రింగుకు తగిలి బయటపడుతుంటే, "ఇవాళ వీళ్ళ పని అయిపోయింది" అనిపిస్తుంది. ఆ మాట నోట్లో ఉండగానే మూడు నిమిషాల్లో అయిదు పడతాయి.

2018 మార్చి 16న యూఎంబీసీ అనే కాలేజీ అమెరికాలో నంబర్ వన్ వర్జీనియాను 74–54తో ఓడించింది. మగవాళ్ళ టోర్నమెంటులో 16వ సీడ్ జట్టు 1వ సీడ్‌ను ఓడించడం అదే మొదటిసారి. విరామానికి స్కోరు సమం! తర్వాత తెరుచుకుంది. మొత్తం 24 త్రీ పాయింటర్లు వేసి 12 పడగొట్టారు. 2024లో ఓక్‌లండ్ కాలేజీ కుర్రాడు జాక్ గోల్కీ ఒక్కడే 10 త్రీ పాయింటర్లు వేసి 32 పాయింట్లతో కెంటకీ అంతటి జట్టును 80–76తో ఇంటికి పంపాడు. ఆ కుర్రాడు ఆ సీజన్ మొత్తంలో లైను లోపల నుంచి వేసిన షాట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. చేసేదేమిటో అందరికీ తెలుసు, అయినా చేశాడు. రెండు రోజుల తర్వాత ఆ జట్టు ఎన్‌సీ స్టేట్ చేతిలో ఓవర్‌టైమ్‌లో ఓడింది.

దూరపు షాట్ తప్పితే బంతి దూరంగా పడుతుంది

రింగు కింద గుంపుగా నిలబడి రీబౌండ్ కోసం చేతులెత్తడం మన కాలేజీ జట్లకు అలవాటు. లోపల నుంచి వేసిన షాట్‌కు అది సరే. 6.75 మీటర్ల నుంచి వచ్చిన బంతి ఇనుముకు కొట్టుకుంటే వీళ్ళ తలల మీదుగా ఎగిరి ఫ్రీ త్రో గీత దగ్గర పడుతుంది. అక్కడ ఎవరూ ఉండరు, అవతలి షూటర్ తప్ప. మళ్ళీ వేస్తాడు, ఈసారి పడుతుంది. అందుకని షాట్ వదలగానే బంతి వంక చూడటం మానేసి, ముందు మీ మనిషికి వీపు ఆనించి అడ్డు నిలవాలి. కబడ్డీ ఆడిన పిల్లలకు ఈ నడుం బలం ముందే ఉంటుంది. పాలమూరులో కబడ్డీ ఆడని వాడెవడు?

బయట కోర్టు ఎవరి పక్షం?

బయట కోర్టులను ఉత్తర దక్షిణాలుగా వేయమంటారు, పొద్దు కళ్ళలో పడకుండా. ఉన్న జాగాలో వేసిన చోట్ల ఒక రింగు పడమటి దిక్కుకే ఉంటుంది. సాయంత్రం అయిదింటికి ఆ రింగుకేసి చూస్తే కనిపించేది ఎండ మాత్రమే. నెట్ చిరిగిపోయిన రింగుకు దూరం కట్టడం ఇంకా కష్టం. గాలి సంగతి చెప్పనక్కర్లేదు. కప్పు కింద ఆడి వచ్చిన షూటర్‌కు ఇవన్నీ కొత్త. టాస్ గెలిస్తే ఏ వైపు అడగాలో ఆలోచించమని మావాడికి చెప్పాను. నిజానికి రాసిపెట్టిన నియమం ప్రకారం షెడ్యూలులో మొదట పేరున్న జట్టుకు స్కోరర్ బల్లకు ఎడమవైపు బెంచీ, రింగు ఇస్తారు, రెండు జట్లూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చు. మన టోర్నమెంట్లలో ఎట్లా చేస్తారో నిర్వాహకులను ముందే అడగాలి.

ఫోన్ పెట్టేముందు వాడు అడిగాడు, "ఇన్ని యాదికుంటయా మామా ఆడేటప్పుడు?" ఉండవు అన్నాను. ఒక్కటి గుర్తుపెట్టుకో, బంతిని చూడకు, వాడి కాళ్ళను చూడు. కాళ్ళు రింగువైపు తిరగకముందే అక్కడుండు.

మ్యాచ్ ఎల్లుండి. పొద్దున తొమ్మిదికి మొదలవుతుందని పీడీ సార్ చెప్పారట, అంటే పదికి అనుకోవచ్చు. మీ ఊరి కాలేజీ పిల్లలు ఆడుతుంటే మీరూ ఒకసారి వెళ్ళండి. ఇంటర్ కాలేజ్ మ్యాచ్‌కు టికెట్ ఉండదు. కూర్చోవడానికి గట్టు ఉంటుంది. నీళ్ళ సీసా మీరే తెచ్చుకోండి.